వెనక బ్రేకు పట్టేస్తోందా? క్యాలిపర్ కొనేముందు నిపిల్ విప్పి చూడండి

విశాఖలో బీచ్ రోడ్డు, భీమిలి, యారాడ, గంగవరం వైపు రోజూ తిరిగే బండికి తొందరగా జబ్బు చేసే భాగాల్లో వెనక డిస్క్ క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) ఒకటి. లక్షణాలు అందరికీ తెలిసినవే. న్యూట్రల్‌లో పెట్టి తోస్తే బండి బరువుగా కదులుతుంది. మైలేజీ తగ్గుతుంది. నాలుగు సిగ్నళ్లు దాటి ఆపితే వెనక చక్రం దగ్గర కాలిన వాసన వస్తుంది. ముదిరితే డిస్క్ మీద నీలం చారలు కనిపిస్తాయి.

షాపుకు తీసుకెళ్తే ఎక్కువగా వినపడే మాట "క్యాలిపర్ పోయింది, మార్చేయాలి" అని. కొన్నిసార్లు అది నిజమే. చాలాసార్లు మాత్రం కొత్త క్యాలిపర్ వేసిన వారానికే బ్రేకు మళ్లీ పట్టేస్తుంది, ఎందుకంటే తప్పు అసలు క్యాలిపర్‌లోనే లేదు. పెడల్ కింద ఉన్న పుష్‌రాడ్‌లోనో (పెడల్ తోపును అందించే కడ్డీ), మాస్టర్ సిలిండర్‌లో (ఆ తోపును ఆయిల్ ఒత్తిడిగా మార్చే భాగం) సూది మొనంత రంధ్రంలోనో, అక్కడి నుంచి క్యాలిపర్‌కు ఆయిల్ తెచ్చే హోస్ లోపలి పొరలోనో ఉంది. అందుకే క్యాలిపర్ మార్చే పద్ధతి కంటే ముందు, మార్చాల్సింది నిజంగా క్యాలిపరేనా అన్నది తేల్చుకోవాలి. దానికి కావలసింది క్యాలిపర్ మీది నిపిల్ (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) విప్పడానికి ఒక 8 ఎంఎం రింగు పానా, పది నిమిషాల సమయం.

పిస్టన్‌ను వెనక్కి లాగేది ఏది?

డ్రమ్ బ్రేకులో షూలను వెనక్కి లాగడానికి స్ప్రింగులు ఉంటాయి. డిస్క్ బ్రేకులో పిస్టన్‌ను లాగే స్ప్రింగు ఏదీ లేదు. ఆ పని చేసేది పిస్టన్ చుట్టూ ఉండే చతురస్రపు అంచుల రబ్బరు సీలు. పెడల్ తొక్కితే పిస్టన్ ముందుకు జరుగుతుంది. దాన్ని గట్టిగా పట్టుకున్న సీలు కూడా దాంతో పాటు కొంచెం వంగుతుంది. పెడల్ వదిలాక ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది, వంగిన సీలు తన ఆకారానికి తిరిగి వస్తూ పిస్టన్‌ను వెనక్కి తెస్తుంది. ఆ కదలిక మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ. చక్రం తేలిగ్గా తిరగడానికి ఆ మాత్రం సందు చాలు.

ఇంత చిన్న కదలిక మీద ఆధారపడిన ఏర్పాటు కాబట్టి దాన్ని చెడగొట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పిస్టన్ మీద తుప్పు మచ్చ, సీలు వెనక పేరుకున్న పొడి, ఆయిల్ తిరిగి వెళ్లే దారిలో అడ్డు, ఏ ఒక్కటైనా ప్యాడ్ డిస్క్‌ను వదలదు.

మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే బండ్లకు వెనక ఉండేది ఒక పిస్టన్ ఫ్లోటింగ్ క్యాలిపర్. పిస్టన్ ఒకవైపే ఉంటుంది. అది తన వైపు ప్యాడ్‌ను డిస్క్‌కు నొక్కుతుంది, ఆ బలానికి క్యాలిపర్ మొత్తం రెండు స్లైడర్ పిన్నుల మీద పక్కకు జరిగి అవతలి ప్యాడ్‌ను కూడా లాగి నొక్కుతుంది. అంటే పిస్టన్ ఎంత బాగున్నా, పిన్నులు బిగుసుకుంటే బ్రేకు సగమే పనిచేస్తుంది, పైగా పట్టేస్తుంది. ప్యాడ్లు విప్పి చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. పిస్టన్ వైపు ప్యాడ్ రేకు దాకా అరిగి, అవతలిది మందంగా మిగిలితే తప్పు పిన్నులది. ఒకే ప్యాడ్ ఒక చివర ఎక్కువ, ఇంకో చివర తక్కువ అరిగి ఏటవాలుగా ఉంటే రెండు పిన్నుల్లో ఒకటి బిగుసుకుందని అర్థం.

ఒత్తిడి ఎక్కడ ఆగింది?

బండిని సెంటర్ స్టాండ్ మీదో ప్యాడాక్ స్టాండ్ మీదో ఎత్తి, వెనక చక్రం చేత్తో తిప్పండి. ప్యాడ్లు డిస్క్‌కు సన్నగా రాసుకుంటున్న చప్పుడు రావడం మామూలే. పెడల్ మూడు నాలుగు సార్లు గట్టిగా తొక్కి వదలండి. మళ్లీ తిప్పండి. చక్రం బిగుసుకునే ఉంటే, ఇప్పుడు క్యాలిపర్ మీది నిపిల్‌కు ప్లాస్టిక్ గొట్టం తొడిగి, దాని చివర సీసాలో పెట్టి, నిపిల్‌ను పావు చుట్టు వదులు చేయండి.

ఇక్కడ రెండే జరుగుతాయి. ఆయిల్ చివ్వున చిమ్మి, చక్రం వెంటనే వదిలేస్తే క్యాలిపర్ నిర్దోషి. ఒత్తిడి పైనెక్కడో చిక్కుకుని కిందికి తోస్తూనే ఉంది. ఆయిల్ నెమ్మదిగా ఒకటి రెండు చుక్కలు కారి, చక్రం మాత్రం బిగుసుకునే ఉంటే అప్పుడు తప్పు క్యాలిపర్‌దే. పిస్టనో, పిన్నులో, ప్యాడ్లు జారే గాడిలో తుప్పో.

మొదటిది జరిగితే ముందు చూడాల్సింది పుష్‌రాడ్. పెడల్‌ను వేలితో నొక్కితే పుష్‌రాడ్ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను తాకే ముందు కాస్త ఖాళీ ఆట ఉండాలి. ఇది లేకపోవడం చాలా మామూలు. పెడల్ ఎత్తు పెంచమని అడిగితే పుష్‌రాడ్‌ను పొడుగు చేసి ఇచ్చేస్తారు. దాంతో మాస్టర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్లే చిన్న రంధ్రం ఎప్పుడూ మూసుకునే ఉంటుంది. బండి నడుస్తున్న కొద్దీ క్యాలిపర్ వేడెక్కుతుంది, ఆయిల్ వ్యాకోచిస్తుంది, పోవడానికి దారి లేక పిస్టన్‌నే తోస్తుంది. బ్రేకు పడుతుంది. ఇంకా వేడి, ఇంకా వ్యాకోచం. గాజువాక నుంచి బయల్దేరినప్పుడు బాగున్న బండి మద్దిలపాలెం చేరేసరికి కదలనంటుంది. అరగంట నీడలో పెడితే చల్లారి వదిలేస్తుంది. "వేడెక్కితే పట్టేస్తుంది, చల్లారితే బాగుంటుంది" అని ఎవరైనా చెబితే క్యాలిపర్ జోలికి వెళ్లక ముందు ఈ పుష్‌రాడ్ చూడాలి. లాక్ నట్టు వదులు చేసి రెండు మూడు చుట్లు తిప్పితే అయిపోయే పని. పెడల్ మీద బూటు ఆనించి నడిపే అలవాటు ఉన్నవాళ్లకూ ఇదే జరుగుతుంది, పుష్‌రాడ్ సరిగ్గా ఉన్నా సరే.

పుష్‌రాడ్‌లో ఆట ఉండి కూడా ఒత్తిడి నిలిచిపోతుంటే మాస్టర్ సిలిండర్ దగ్గరి బంజో బోల్టు (హోస్ చివరను బిగించే, మధ్యలో రంధ్రం ఉన్న బోల్టు) కింద గుడ్డ పెట్టి కొంచెం వదులు చేయాలి. అక్కడ విప్పగానే చక్రం వదిలితే మాస్టర్ సిలిండర్‌లో తిరుగు రంధ్రం బురదతో మూసుకుంది. డబ్బా అడుగున ముద్దగా కనిపించే గోధుమ రంగు మడ్డి అదే. అక్కడ విప్పినా వదలకుండా, కింద నిపిల్ విప్పితేనే వదిలితే హోస్ లోపలి పొర ఉబ్బి వాల్వులా మారింది. తొక్కినప్పుడు మన కాలి బలం ఆయిల్‌ను దాటిస్తుంది, తిరిగి రావడానికి ఆ బలం లేదు. వెనక చక్రానికి కూడా ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండ్లలో మధ్యలో మాడ్యులేటర్ (ఆయిల్ ఒత్తిడిని నియంత్రించే దాని వాల్వుల పెట్టె) ఉంటుంది కాబట్టి ఈ చివరి తీర్పు ఇచ్చే ముందు కంపెనీ సర్వీసులో స్కానర్ పెట్టించడం మేలు.

ఉప్పు గాలి చేసే పని

క్యాలిపర్ ఒళ్లు అల్యూమినియం. పిన్నులు, బోల్టులు, నిపిల్ ఉక్కు. పిస్టన్ ఎక్కువగా పూత వేసిన ఉక్కు, కొన్నింట్లో అల్యూమినియం. రెండు వేర్వేరు లోహాలు తాకి ఉన్నచోట ఉప్పు నీరు చేరితే అక్కడ చిన్న బ్యాటరీ తయారవుతుంది, అల్యూమినియం కరగడం మొదలవుతుంది. ఆర్కే బీచ్ దగ్గర సాయంత్రం పార్క్ చేసిన బండి సీటు మీద వేలితో రాస్తే అంటుకునే జిగటే ఈ ఉప్పు. వెనక క్యాలిపర్ కిందికి, చక్రం పక్కన ఉండటం వల్ల దానికి గాలిలోని ఉప్పుతో పాటు రోడ్డు మీది నీరు, భీమిలి వైపు ఎర్రమట్టి, సింధియా, మల్కాపురం వైపు బొగ్గు ధూళి, చైన్ నుంచి ఎగిరే లూబ్ అన్నీ కలిసి పడతాయి. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల లోడు తెచ్చే బండ్లయితే మరీ. ట్రేలోంచి కారే ఐసు నీళ్లు నేరుగా వెనక చక్రం మీదికే.

లోపల జరిగేది బయటికి కనిపించదు. పిస్టన్ తీసేసి, సీలు ఉన్న గాడిలోకి టార్చి వేసి చూస్తే తెల్లటి గట్టి పొడి కనిపిస్తుంది. అది అల్యూమినియం ఆక్సైడ్. కరిగిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి గాడి అడుగు నుంచి సీలును లోపలికి నెట్టి పిస్టన్‌ను బిగపట్టేస్తుంది. కొత్త సీలు కొని, గాడి గోకకుండా వేస్తే ఏ మార్పూ ఉండదు. పైగా కొత్త సీలు ఇంకా బిగుతు. సీల్ కిట్ వేసినా మళ్లీ పట్టేసిందనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ పొడే.

ఆయిల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డాట్ 3, డాట్ 4 గ్రేడు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కి ఇవే 205, 140. అనంతగిరి ఘాట్ దిగుతూ వెనక బ్రేకు మీదే కాలు పెట్టి వచ్చేవారికి పెడల్ ఒక్కసారిగా స్పాంజిలా మెత్తబడి కిందికి జారిపోవడం ఇందువల్లే. పాత ఆయిల్‌లోని నీరు ఆవిరైంది, ఆవిరి నొక్కితే నలిగిపోతుంది, ప్యాడ్‌కు బలం అందదు. అదే నీరు క్యాలిపర్ లోపల పిస్టన్‌ను తుప్పు పట్టిస్తుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమని చెప్పడానికి కారణం ఇది. సముద్రం పక్కన ఉండేవారు ఏడాదిన్నరకే మార్చడం మంచిది. లేత పసుపు ఆయిల్ టీ రంగుకు వచ్చిందంటే ఇక ఆగాల్సిన పనిలేదు.

రిపేరా, మార్పా?

పిస్టన్ సాఫీగా, మచ్చ లేకుండా ఉండి, గాడి శుభ్రపడితే సీల్ కిట్ చాలు. పిస్టన్ మీద గోటికి తగిలే గుంటలు ఉంటే ఎమ్రీ పేపర్ పెట్టి రుద్దకండి. పూత పోతుంది, నెల రోజుల్లో తుప్పు రెట్టింపవుతుంది. పిస్టన్ మార్చాల్సిందే. ఇక్కడ చాలామంది తారుమారు చేసుకునే విషయం ఒకటుంది. ఆయిల్‌ను ఆపేది సీలు, ఆ సీలు రాసుకునేది పిస్టన్ ఒంటికి. సిలిండర్ గోడ మీద సన్న గీతలుంటే పెద్ద నష్టం లేదు. పిస్టన్ మీద చిన్న గుంట ఉన్నా లీకే.

క్యాలిపర్ మొత్తం మార్చక తప్పని సందర్భాలు ఇవి: సీలు గాడి అంచులు తినేసి ఉండటం, నిపిల్ విరిగి మర లోపలే ఉండిపోవడం, బంజో బోల్టు మర పాడవడం, పిన్ను కూర్చునే రంధ్రం అరిగి క్యాలిపర్ ఊగిసలాడటం, ఒంటికి పగులు. ఇవేవీ లేకపోయినా, సీలు, పిస్టన్, పిన్నులు, వాటి రబ్బరు తొడుగులైన బూట్లు అన్నీ విడిగా కొంటే అయ్యే ఖర్చు కొత్త అసెంబ్లీకి దగ్గరగా వస్తోందంటే అసెంబ్లీయే కొనడం నయం.

కొనేటప్పుడు బండి పేరొక్కటే చెప్పకండి. తయారైన సంవత్సరం, ఏబీఎస్ ఉందా లేదా, ఉంటే ఒక చక్రానికా రెండు చక్రాలకా, వెనక డిస్క్ సైజు చెప్పాలి. ఒకే పేరుతో వచ్చే బండిలోనూ సంవత్సరాన్ని బట్టి క్యాలిపర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ మారుతుంది. పాతది చేత్తో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి మౌంటింగ్ రంధ్రాల దూరం, హోస్ వచ్చే వైపు, నిపిల్ దిశ సరిచూసుకోవడం అన్నిటికంటే నమ్మకం. బంజో బోల్టు విషయంలో మరీ జాగ్రత్త. రెండు రకాల మరలు చెలామణిలో ఉన్నాయి, ఎం10 లో 1.0 పిచ్, 1.25 పిచ్ (పిచ్ అంటే మర చుట్ల మధ్య దూరం, మి.మీ.లో). తప్పు బోల్టు కూడా మొదట ఒకటి రెండు చుట్లు తేలిగ్గానే ఎక్కి, తర్వాత బిగుసుకుంటుంది. "కొత్తది కదా, బిగుతుగానే ఉంటుంది" అని పానాతో బలం పెడితే కొత్త క్యాలిపర్ అల్యూమినియం మర అక్కడికక్కడే చెరిగిపోతుంది. బోల్టు వేలితోనే చివరిదాకా ఎక్కాలి.

క్యాలిపర్‌తో పాటు తీసుకోవాల్సినవి: బంజోకు రెండు కొత్త వాషర్లు, ప్యాడ్ల సెట్టు, సీలు తీయని డాట్ 4 ఆయిల్ 250 మి.లీ., బ్రేక్ క్లీనర్, సిలికాన్ బ్రేక్ గ్రీజు చిన్న ట్యూబు, మెడికల్ షాపులో 50 మి.లీ. సిరంజి, దానికి సరిపడే గొట్టం. షాపులో సగం వాడి మూత పెట్టిన ఆయిల్ వద్దు. మన ఊరి గాలికి అది ఎంత నీరు తాగిందో చెప్పలేం. బండి మీది ఆయిల్ డబ్బా మూత మీద ఏ గ్రేడు రాసుంటే అదే వాడాలి. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్, పేరులో అంకె పెద్దదని పోస్తే సిస్టమ్ మొత్తం పాడవుతుంది.

విప్పే ముందు వదులు చేయాల్సినవి

ముందు కడగండి, ఆరనివ్వండి. మురికి క్యాలిపర్‌ను విప్పితే ఇసుక హోస్ నోట్లోకి పోతుంది. పెట్రోలు, కిరోసిన్ రబ్బరు దగ్గరికి రానివ్వకండి. ఆయిల్ డబ్బా చుట్టూ, స్వింగ్‌ఆర్మ్ మీద తడి గుడ్డ కప్పండి. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది. పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్లు పోయాలి.

పనిలో సగం చిక్కులు వరుస తప్పడం వల్లే వస్తాయి. క్యాలిపర్ బండికి బిగించి ఉండగానే ప్యాడ్ పిన్నును, బంజో బోల్టును సగం చుట్టు వదులు చేసి మళ్లీ వేలితో పట్టించండి. క్యాలిపర్ చేతిలోకి వచ్చాక వీటిని విప్పాలంటే పట్టు దొరకదు, వైస్ లేకపోతే అలెన్ గాడి గుండ్రంగా అరిగిపోతుంది. తుప్పు పట్టి ఉంటే ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి, డిస్క్, ప్యాడ్ల మీద పడకుండా. పాత క్యాలిపర్‌ను బాగు చేసి దాచుకుందామనుకుంటే దాన్ని ముందుగా డిస్క్ మీంచి జరిపి, హోస్ విప్పకముందే పెడల్ తొక్కుతూ పిస్టన్‌ను బయటికి రప్పించండి. హోస్ విప్పేశాక కంప్రెసర్ గాలితో కొడితే పిస్టన్ తుపాకీ గుండులా వస్తుంది, వేళ్లు నలుగుతాయి. అలా చేయక తప్పకపోతే ఎదురుగా చెక్కముక్క, గుడ్డ పెట్టి, గాలి చాలా తక్కువగా వదలాలి.

కొన్ని బండ్లలో బ్రాకెట్ స్వింగ్‌ఆర్మ్ మీది గాడిలో కూర్చుని ఇరుసుతో బిగుసుకుని ఉంటుంది. అక్కడ చక్రం తీయాల్సిందే. చైన్ అడ్జస్టర్ గీతలు రెండు వైపులా ఎక్కడున్నాయో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏబీఎస్ సెన్సార్ ఉంటే దాని వైరు క్లిప్పులు ముందుగా విప్పి పక్కకు పెట్టండి. క్యాలిపర్‌ను హోస్ ఆధారంగా ఎప్పుడూ వేలాడదీయకండి, ఫుట్‌రెస్టుకు బైండింగ్ వైరుతో కట్టండి.

బంజో బోల్టు విప్పగానే హోస్ చివరను పైకెత్తి, ప్లాస్టిక్ సంచి చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. లేకపోతే డబ్బా ఖాళీ అయి, మాస్టర్ సిలిండర్‌లోకి గాలి చేరుతుంది. ఏబీఎస్ ఉన్న బండిలో ఆ గాలి మాడ్యులేటర్ దాకా పోతే తీయడానికి స్కానర్ కావాలి. ఈ సమయంలో పెడల్‌ను ఎవరూ తాకకూడదు.

డిస్క్‌ను ఇప్పుడే చూసుకోవాలి. దాని మీద కనీస మందం చెక్కి ఉంటుంది. అంతకంటే పలచబడితే కొత్త క్యాలిపర్ పిస్టన్ ఎక్కువ దూరం బయటికి రావాల్సి వస్తుంది, కొత్త ప్యాడ్లూ సరిగా కూర్చోవు. నీలం మచ్చలు పడి, తిప్పినప్పుడు పక్కకు ఊగుతుంటే కూడా మార్చాలి. చాలా కంపెనీలు ఊగును 0.3 మి.మీ. దాకానే అనుమతిస్తాయి.

బిగించడం

కొత్త క్యాలిపర్ పిన్నులు బయటికి లాగి చూడండి. కంపెనీ గ్రీజు ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే సరే, లేకపోతే సిలికాన్ గ్రీజు పలచగా పూసి, బూటు అంచు పిన్ను గాడిలో కూర్చునేలా తొడగాలి. బేరింగులకు వాడే మామూలు గ్రీజు పనికిరాదు. పెట్రోలియం గ్రీజుకు ఈ రబ్బరు ఉబ్బుతుంది, ఆరు నెలల్లో పిన్ను ఇరుక్కుపోతుంది. గ్రీజు మరీ ఎక్కువ నింపినా గాలి లోపల చిక్కి పిన్ను వెనక్కి తన్నుకొస్తుంది.

ప్యాడ్ స్ప్రింగు రేకు దిశ సరిచూసుకోండి. ప్యాడ్ ముందు చివర బ్రాకెట్ మీది రేకులో కూర్చోవాలి. ఇది పైపైన చూస్తే కూర్చున్నట్టే ఉంటుంది, తొక్కితే ప్యాడ్ వాలుతుంది. అందుకే ప్యాడ్ పిన్ను వేసే ముందు చివరను వేలితో నొక్కి, రేకులో దిగిన చప్పుడు వినాలి. ఆయిల్ గానీ చైన్ లూబ్ గానీ తాగిన పాత ప్యాడ్లను పొయ్యి మీద కాల్చి, రుద్ది మళ్లీ వాడటం మానేయండి. వేడెక్కినప్పుడు లోపలి నూనె మళ్లీ ఊరుతుంది.

హోస్‌కు రెండు పక్కలా కొత్త వాషర్లు పెట్టి బంజో బోల్టు వేలితో ఎక్కించి, హోస్ పాత కోణంలోనే ఆపు దిమ్మకు ఆనేలా పెట్టి, క్యాలిపర్‌ను మౌంటింగ్ బోల్టులతో బిగించాకే బంజోకు పూర్తి టార్క్ (బిగించే బలం) ఇవ్వండి. పాత వాషర్ ఒకసారి నలిగి గట్టిపడి ఉంటుంది. రెండోసారి అది ముఖానికి అచ్చుగా అతకదు. అప్పుడు లీకు ఆగడానికి బోల్టును ఇంకా బిగిస్తారు, బోల్టు మధ్యలో రంధ్రం ఉంటుంది కాబట్టి అది తెగిపోతుంది. పదో ఇరవయ్యో రూపాయల వాషర్ దగ్గర పొదుపు వద్దు.

మన దగ్గరి 150 నుంచి 350 సీసీ బండ్లలో సాధారణంగా ఎం10 బంజో బోల్టుకు 20 నుంచి 35 న్యూటన్ మీటర్లు, ఎం8 మౌంటింగ్ బోల్టులకు 22 నుంచి 32, ప్యాడ్ పిన్నుకు 15 నుంచి 20, నిపిల్‌కు 5 నుంచి 8 ఉంటుంది. మీ బండి మాన్యువల్‌లోని అంకెకే విలువ ఇవ్వండి. నిపిల్ అంకె ఎంత చిన్నదో గమనించండి. పొడుగు పానాతో బిగిస్తే అది విరగడం ఖాయం, విరిగితే కొత్త క్యాలిపర్ మీద మళ్లీ మొదటికొస్తాం. మౌంటింగ్ బోల్టులకు గ్రీజు పూయకండి. నీలం రంగు థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేయాలని మాన్యువల్ చెబితే వేయండి.

ఎయిర్ తీయడం

కొత్త క్యాలిపర్ లోపల పూర్తిగా గాలే. పెడల్ కొట్టుకుంటూ పోతే చిన్న మాస్టర్ సిలిండర్ అంత గాలిని తోయడానికి చాలాసేపు పడుతుంది, కొన్నిసార్లు అసలు పట్టుకోదు. కింద నుంచి పైకి నింపడం తేలిక. సిరంజిలో కొత్త ఆయిల్ తీసుకుని, గాలి బుడగలు బయటికి పంపి, గొట్టం నిపిల్‌కు తొడిగి, నిపిల్ అర చుట్టు విప్పి, నెమ్మదిగా ఎక్కించండి. గాలి సహజంగా పైకే పోతుంది కాబట్టి ఆయిల్ దాన్ని డబ్బాలోకి తోసుకుంటూ వెళ్తుంది. డబ్బాలో పాత ఆయిల్ ముందే తోడేసి ఉంచాలి, ఒకరు పైన నిలబడి నిండకుండా లాగుతూ ఉండాలి. ఏబీఎస్ మాడ్యులేటర్ ఉన్న వెనక లైనుకు ఈ పద్ధతి వద్దు. పాత లైనులోని మడ్డి వెనక్కి ఎదురెక్కి సన్నటి వాల్వుల్లో చేరే ప్రమాదం ఉంది.

తర్వాత మామూలు పద్ధతి. రింగు పానా ముందు తొడిగి, దాని మీద గొట్టం, గొట్టం చివర ఆయిల్ ఉన్న సీసాలో మునగాలి. పెడల్ నెమ్మదిగా మూడుసార్లు తొక్కి పట్టి ఉంచాలి. నిపిల్ పావు చుట్టు విప్పాలి. పెడల్ దిగుతుంది. అది అడుగున ఉండగానే నిపిల్ మూయాలి, ఆ తర్వాతే కాలు తీయాలి. ఇద్దరు చేస్తుంటే "తొక్కు", "పట్టు", "వదులు" అని మాటలు ముందే అనుకోండి. కాలు ఒక్క క్షణం ముందు తీస్తే గాలి తిరిగి లోపలికే. వెనక డబ్బా చిన్నది, నాలుగైదు సార్లకోసారి ఆయిల్ పోయకపోతే ఖాళీ అయి మొత్తం పని వృథా.

ఎంత తీసినా పెడల్ మెత్తగానే ఉంటే రెండు చోట్ల వెతకండి. ఒకటి, మాస్టర్ సిలిండర్ దగ్గరి బంజో. హోస్ అక్కడ వంపు తిరిగి ఎత్తున ఉంటే గాలి ఆ వంపులోనే కూర్చుంటుంది. పెడల్ తొక్కి పట్టి, గుడ్డ చుట్టి, ఆ బోల్టును క్షణం పాటు వదులు చేసి బిగిస్తే బుసబుస మని బయటికొస్తుంది. రెండు, నిపిల్ క్యాలిపర్‌లో అన్నిటికంటే ఎత్తులో ఉందా? స్వింగ్‌ఆర్మ్ కింద బిగించే కొన్ని క్యాలిపర్లలో ఉండదు. అలాంటప్పుడు క్యాలిపర్‌ను విప్పి, నిపిల్ పైకి వచ్చేలా పట్టుకుని, ప్యాడ్ల మధ్య డిస్క్ మందం ఉన్న చెక్కముక్క పెట్టి ఎయిర్ తీయాలి. చెక్క మరచిపోయి పెడల్ తొక్కితే పిస్టన్ ఊడి చేతిలో పడుతుంది.

పెడల్ గట్టిపడ్డాక ఒక నిమిషం పాటు బలంగా తొక్కి పట్టండి. మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో లీకు, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు అరిగింది. బంజో చుట్టూ, నిపిల్ చుట్టూ టిష్యూ కాగితం ఒత్తి చూడండి, కంటికి కనపడని చెమ్మ కాగితానికి అంటుతుంది. పుష్‌రాడ్ ఆట మళ్లీ చూడండి. బ్రేక్ లైటు ఎప్పుడు వెలుగుతోందో చూడండి. చక్రం తీసి ఉంటే ఇరుసు నట్టు టార్క్, చైన్ సడలింపు కూడా.

మొదటి రోజు

కొత్త ప్యాడ్లు డిస్క్‌కు ముఖాముఖి కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద 40, 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా తగ్గించడం, మళ్లీ వేగం అందుకోవడం ఇరవై సార్లు చేయాలి, మధ్యలో చల్లారడానికి కాస్త దూరం వదులుతూ. వేడిగా ఉన్నప్పుడు పెడల్ తొక్కి పట్టి నిలబడకండి. సింహాచలం కొండ రోడ్డుకో అరకు ఘాట్‌కో మొదటి రోజే తీసుకెళ్లొద్దు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయినా, చాలావాటిలో అది ముందు చక్రానికే ఉంది. వెనక చక్రం లాక్ అయితే కాపాడేది లేదు. పాత బ్రేకు బలహీనంగా ఉన్నప్పుడు కాలికి పట్టిన అలవాటు కొత్త బ్రేకు మీద ప్రమాదమని గుర్తుంచుకుని మొదటి రోజు తేలిగ్గా తొక్కండి.

ఐదారు కిలోమీటర్లు వెనక బ్రేకు దాదాపు వాడకుండా నడిపి ఆపి, డిస్క్ మీద నీటి చుక్క వేయండి. చుయ్‌మని ఎగిరిపోతే ఇంకా పట్టేస్తోంది. చుక్క నిలిస్తే సరిగ్గా ఉంది. వేలితో తాకి చూడొద్దు.

ఆ తర్వాత కొత్త క్యాలిపర్‌ను నిలబెట్టేది నీళ్లే. బీచ్ వైపు నుంచి వచ్చిన రోజు మగ్గు మంచినీళ్లు దాని మీద పోస్తే చాలు, ఉప్పు పోతుంది. వాటర్ వాష్‌లో ప్రెషర్ గన్ మాత్రం దగ్గరగా కొట్టనివ్వకండి, ఆ వేగానికి నీరు డస్ట్ సీలు దాటి లోపలికి వెళ్లి, ఎండక అక్కడే ఉండిపోతుంది. వానాకాలానికి ముందొకసారి, తుపాన్ల కాలం ముగిశాక ఒకసారి పిన్నులు లాగి తుడిచి గ్రీజు పెట్టాలి. తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోయకుండా, ఇంజన్ ఆయిల్‌తో కలపకుండా, మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి పేరు రాసి, పిల్లలకు అందని చోట ఉంచి, పాత ఆయిల్ సేకరించే వర్క్‌షాపులో ఇవ్వండి.